అర్జీ దగ్గర ఆగిపోకండి: కాలనీ మాట కార్పొరేషన్ ఫైల్లోకి వెళ్లే దారి

మీరు అడిగింది ఇది. హైదరాబాద్‌లో మీ కాలనీలో 140 ఇళ్లు, దిగువన ఒక బస్తీ. గట్టి వాన పడితే నాలా పొంగి రెండు చోట్లా ఇళ్లలోకి నీళ్లు. నాలుగేళ్లుగా యాప్‌లో ఫిర్యాదులు, ప్రజావాణిలో అర్జీలు, కార్పొరేటర్‌కు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నారు. ఇప్పుడు వార్డుల హద్దులు మారాయి, పాలకమండలి గడువూ ముగిసింది. "నగర పాలనలో ప్రజల భాగస్వామ్యం అంటారు కదా, అది మాకు ఏ గదిలో, ఏ బల్ల దగ్గర దొరుకుతుంది? వార్డు కమిటీ అనేది నిజంగా ఉందా?"

ఉంది, చట్టంలో ఉంది. దాని గురించి కింద చెబుతాను. దానికన్నా ముందు ఒక మాట. నాలుగేళ్లుగా మీరు చేసిందంతా ఫిర్యాదు. ఫిర్యాదు పని చెడిపోయాక వెళ్తుంది. నిర్ణయం మాత్రం అంతకు ఏడాది ముందే, ఎస్టిమేట్ వేసేటప్పుడే జరిగిపోతుంది. ఎస్టిమేట్‌లో లేని కాలువ టెండరులో ఉండదు. టెండరులో లేనిది వర్క్ ఆర్డరులోకి రాదు. ఆ తర్వాత మీరు ఎంతమంది చుట్టూ తిరిగినా "శాంక్షన్ లేదండి" అనే మాటే వినిపిస్తుంది, చెప్పేవాడు అబద్ధమూ ఆడటం లేదు. కాబట్టి మీ శ్రమలో ముప్పాతిక భాగం ఎస్టిమేట్ దశకు ముందుకు జరపండి. మిగతాదంతా దానికి తోడు.

చట్టం సంగతి క్లుప్తంగా. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతుంది. అయితే "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ వార్డులకు కలిపి" అన్న వెసులుబాటు అందులోనే ఉంది. దాన్ని అడ్డు పెట్టుకొని చాలా రాష్ట్రాలు లక్షల మందికి ఒక కమిటీ వేసి చేతులు దులుపుకున్నాయి. మన దగ్గర 2020 అక్టోబరులో జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చట్టాన్ని సవరించి ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టారు: యువజనులది, మహిళలది, సీనియర్ సిటిజన్లది, ప్రముఖ పౌరులది. ఒక్కోదాంట్లో 25 మంది, సగం మంది మహిళలు. అంటే వార్డుకు వంద మంది. 2011 లెక్కల ప్రకారం జీహెచ్ఎంసీ జనాభా సుమారు 67 లక్షలు, అప్పటి 150 వార్డులకు పంచితే వార్డుకు దాదాపు 45 వేలు. ఒక కార్పొరేటర్ 45 వేల మందిని చూసుకోవడం కన్నా వంద మంది తోడుంటే ఎంతో మేలు. కాగితం మీద మంచి ఏర్పాటే.

నడిచే తీరు దగ్గరే చిక్కు. సభ్యుల పేర్లు పార్టీ జాబితాల్లోంచి వస్తే కమిటీ కార్పొరేటర్ వెనక నడిచే గుంపు అవుతుంది. సమావేశానికి తేదీ ఖాయం కాకపోతే అసలు జరగదు. జరిగినా మినిట్స్ రాయకపోతే జరగనట్టే. కాబట్టి మీరు అడగాల్సింది "వార్డు కమిటీ వేయండి" అని కాదు. మూడు కాగితాలు అడగండి: మీ వార్డు కమిటీ సభ్యుల జాబితాతో వచ్చిన ఉత్తర్వు, గత సమావేశాల నోటీసులు, వాటి మినిట్స్. కమిటీ ఉంటే ఎవరెవరో తెలుస్తుంది. లేకపోతే "లేదు" అని రాతపూర్వకంగా వస్తుంది. ఆ "లేదు" అనే కాగితం పట్టుకొని జోనల్ కమిషనర్ దగ్గరికి వెళ్తే, మాటల మీద వెళ్లినదానికన్నా పదిరెట్లు బరువుంటుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. జీహెచ్ఎంసీ చట్టం 1955 నాటిది. అందులో మేయర్ సభకు పెద్దే గానీ పనులు చేయించే కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది, కమిషనర్‌ను వేసేది రాష్ట్ర ప్రభుత్వం. కార్పొరేటర్ సిఫారసు చేయగలరు, సభలో ప్రశ్న వేయగలరు, స్టాండింగ్ కమిటీలో ఉంటే ఓటు వేయగలరు. సంతకం పెట్టి డబ్బు విడుదల చేయలేరు. అందుకే వినతిపత్రం ఒక్క కార్పొరేటర్‌కే ఇచ్చి ఊరుకుంటే ఫైలు పుట్టదు. ఫైలు పుట్టేది సర్కిల్ ఆఫీసులో, ఇంజనీరింగ్ విభాగంలో, అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) బల్ల మీద.

ఇక మీ పనికి వద్దాం. ముందు ఏది ఎవరిదో విడదీయండి. మీ అర్జీలు ఎందుకు మూలపడ్డాయో చాలావరకు ఇక్కడే తేలుతుంది. వాన నీటి కాలువలు, నాలాలు, కాలనీ లోపలి రోడ్లు, వీధి దీపాలు, చెత్త కార్పొరేషన్‌వి. నల్లా నీళ్లు, డ్రైనేజీ లైను, మ్యాన్‌హోళ్లు జలమండలివి. జలమండలి 1989 నుంచి వేరే సంస్థ, దాని మేనేజర్ కార్పొరేషన్ కమిషనర్ కింద పనిచేయడు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థవి. "నాలా పొంగుతోంది, మురుగు ఇంట్లోకి వస్తోంది, లైట్లు వెలగడం లేదు, కుక్కల బెడద" అని ఒకే కాగితం మీద రాస్తే అది ఒక్క విభాగానికే వెళ్తుంది. ఆ విభాగం తన ముక్క చూసి "పరిష్కరించాం" అని మూసేస్తుంది. ఒక కాగితానికి ఒక సమస్య, ఒక చోటు, ఒక శాఖ. ఈ నియమం తప్పకండి.

మీకు ఇంట్లోకి వచ్చేవి వాన నీళ్లా, మురుగా? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు లేక ఏళ్లు గడిచిపోతాయి. వాన మొదలైన పావుగంటలో రోడ్డు మీద నుంచి గేటు దాటి వస్తే అది వాన నీటి కాలువ సమస్య, కార్పొరేషన్‌ది. బాత్రూం జాలీలోంచి, లోపలి చాంబర్ లోంచి ఎగదన్నితే అది డ్రైనేజీ లైను సమస్య, జలమండలిది. రెండూ కలిసి వస్తే సాధారణంగా ఎగువన ఎవరో వాన నీటి పైపును డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి కలిపేసి ఉంటారు. అపార్ట్‌మెంట్ల టెర్రస్ పైపులు ఇలా కలపడం నగరంలో ఎక్కడ చూసినా ఉంది. మీ కాలనీలోనే అలాంటివి ఉంటే ముందు అవి తీయించండి. అది మీ చేతిలో పనే, పైగా ఇంజనీర్ ముందు మీ మాటకు విలువ పెరుగుతుంది.

సాక్ష్యం వానాకాలంలోనే పోగవుతుంది. నీళ్లు తగ్గాక గోడ మీద బురద గీత మిగులుతుంది. గేటు మెట్టు నుంచి ఆ గీత దాకా టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. టేపు కనిపించేలా, ఇంటి నంబరు కనిపించేలా ఫోటో తీయండి. తేదీ, వాన ఎన్నింటికి మొదలైంది, నీళ్లు ఎన్ని గంటలు నిలిచాయి, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. పది ఇళ్లవి, మూడు వానలవి ఉంటే చాలు. వాటిని కాలనీ లేఅవుట్ మీద గుర్తు పెడితే ఎక్కడ గొంతు బిగుసుకుందో కనబడుతుంది. చాలాసార్లు అది మొత్తం నాలా కాదు, ఒక కల్వర్టు. పైన ఆరడుగుల కాలువ, కల్వర్టు కింద మూడడుగుల పైపు. అలాంటప్పుడు మీరు అడగాల్సింది కిలోమీటరు నాలా విస్తరణ కాదు, ఒక్క కల్వర్టు మార్పు. చిన్న పని కాబట్టి శాంక్షన్ తొందరగా వస్తుంది.

ఇక్కడ బస్తీ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. కాలనీ సంఘాలు "నాలా వెడల్పు చేయండి" అని సులువుగా రాసేస్తాయి. ఆ ఒక్క వాక్యానికి దిగువన పదిహేను ఇళ్లు పోవచ్చు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతలోపు వాటికి 2 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. బస్తీ వాళ్లకు ఈ లెక్కలు నోటి లెక్కగా తెలుసు. అందుకే సర్వే వాళ్లు రాగానే భయంతో అడ్డుపడతారు. వాళ్లతో కూర్చోకుండా మీరు ఇచ్చే కాగితం పని జరగనివ్వదు, జరిగినా న్యాయంగా జరగదు. పూడికతీత, కల్వర్టు మార్పు, ఎగువన నీళ్లు ఆపడం లాంటి, ఇళ్లు కదలని పనులు ముందు అడగండి. ఇళ్లు కదలక తప్పని చోట పునరావాసం కూడా అదే అర్జీలో, అదే సంతకాలతో అడగండి. బస్తీలో మహిళా సంఘాల సమాఖ్యలు ఉంటాయి, కార్పొరేషన్‌లో వాటిని చూసే విభాగం అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్, యూసీడీ అంటారు. ఈ పట్టణ సముదాయ అభివృద్ధి పని హైదరాబాద్‌లో 1967 లోనే మొదలైంది. ఆ సమాఖ్య అధ్యక్షురాలి సంతకం కాలనీ కార్యదర్శి సంతకం పక్కన ఉన్న కాగితాన్ని తోసిపుచ్చడం ఏ అధికారికైనా కష్టం.

ఇప్పుడు క్యాలెండర్. చట్టం ప్రకారం కమిషనర్ బడ్జెట్ ముసాయిదాను నవంబరు 10 లోపు స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. సర్వసభ్య సమావేశం ఫిబ్రవరి 20 లోపు ఆమోదించాలి. 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు. అంత డబ్బులో మీ కల్వర్టుకు చోటు దొరకాలంటే దాని పేరు, చోటు, ఉజ్జాయింపు ఖర్చు నవంబరుకు ముందే ఇంజనీరింగ్ విభాగం జాబితాలో ఉండాలి. తేదీలు అటూ ఇటూ జరుగుతుంటాయి, అయినా వెనక్కి లెక్కపెట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొలతలు. సెప్టెంబరు మొదట్లో ఏఈతో కలిసి నడక. ఆ నెలాఖరుకు రాతపూర్వక ప్రతిపాదన. అక్టోబరులో ఎస్టిమేట్ వేశారా లేదా అని వారం వారం అడగడం. మార్చిలో వినతిపత్రం ఇచ్చేవాళ్లు ఆ ఏడాది బడ్జెట్‌కు ఆలస్యంగా, వచ్చే ఏడాదికి మరీ ముందుగా వస్తారు. వాళ్ల కాగితం ఎవరికీ గుర్తుండదు.

ఏఈతో నడకకు అరగంట చాలు. ఆరుగురికి మించి వెళ్లొద్దు. యాభై మంది చుట్టుముడితే ఆయన ఏదీ ఒప్పుకోడు, ఏదీ కాదనడు. జలమండలి మేనేజర్‌నీ అదే రోజు పిలవండి. ఇద్దరూ కల్వర్టు దగ్గర ఎదురెదురుగా నిలబడితే "అది వాళ్లది" అనే మాట అక్కడికక్కడే తేలుతుంది. నడక అయిన సాయంత్రమే "ఈరోజు తమరు చూసిన అంశాలు ఇవి" అని ఒక పేజీ రాసి సర్కిల్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నంబరు వేయించుకోండి. ఇన్‌వర్డ్ నంబరు లేని కాగితం ఇవ్వనట్టే. వాట్సాప్‌లో పంపి రెండు నీలం టిక్కులు చూసుకొని సంతోషపడకండి.

ఆ పేజీ ఇలా ఉంటే చాలు:

"డిప్యూటీ కమిషనర్ గారికి. విషయం: ఫలానా వీధి, ఫలానా ఇంటి నంబరు ఎదుట ఉన్న కల్వర్టు మార్పు. ప్రస్తుతం ఇక్కడ 90 సెంటీమీటర్ల పైపు ఒకటే ఉంది. ఎగువ కాలువ వెడల్పు 1.8 మీటర్లు. ఈ ఏడాది మూడు వానల్లో 22 ఇళ్లలోకి 15 నుంచి 40 సెంటీమీటర్ల నీరు వచ్చింది, ఫోటోలు, పట్టిక జతపరిచాం. ఫలానా తేదీన ఏఈ గారు స్థలం చూశారు. ఎస్టిమేట్ తయారు చేయించి వచ్చే ఆర్థిక సంవత్సరం పనుల జాబితాలో చేర్చాలని, చేర్చిన జాబితా ప్రతిని మాకు ఇప్పించాలని కోరుతున్నాం. కాలనీ సంఘం, బస్తీ సమాఖ్య సంతకాలు."

ఇందులో వేడుకోలు లేదు, కోపమూ లేదు. చివరి వాక్యం అసలైనది. జాబితా ప్రతి అడిగారంటే మళ్లీ వస్తారని వాళ్లకు అర్థమవుతుంది. నకళ్లు జోనల్ కమిషనర్‌కు, ఎమ్మెల్యే కార్యాలయానికి, కార్పొరేటర్ ఉంటే వారికి ఇవ్వండి. కార్పొరేటర్ మహిళ అయితే కాగితం ఆమె పేరునే రాసి ఆమె చేతికే ఇవ్వండి, ఆమెతోనే మాట్లాడండి. సగం వార్డులు మహిళలకు రిజర్వు అయిన నగరంలో భర్తతో మాట్లాడి వచ్చే అలవాటు మనమే పెంచుతున్నాం. కార్పొరేషన్ నుంచి డబ్బు రాకపోతే ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి, ఎంపీ నిధి ఉన్నాయి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. వాటికీ ఇదే కాగితం పనికొస్తుంది.

యాప్, సోమవారం ప్రజావాణి వద్దనడం లేదు. వాటికి తగిన పనులు వాటికున్నాయి. వెలగని దీపం, ఎత్తని చెత్త, మూతలేని మ్యాన్‌హోల్ లాంటివి అక్కడే వేయండి. మూత లేని మ్యాన్‌హోల్‌కైతే ఒక్క గంట కూడా ఆగకుండా జలమండలి 155313 కు ఫోన్ చేయండి. యాప్‌లో "పరిష్కరించబడింది" అని వచ్చి పని కాకపోతే కొత్త ఫిర్యాదు వేయకండి, పాత నంబరునే మళ్లీ తెరిపించండి. కొత్తది వేస్తే లెక్కల్లో రెండు పరిష్కారాలు అవుతాయి.

ప్రతి నెలా ఒక సభ పెట్టుకోండి. అధికారిక వార్డు కమిటీ ఉన్నా లేకపోయినా సరే. బెంగళూరులో వార్డు కమిటీలకు నెలలో మొదటి శనివారం అని ఖాయం చేశారు, రోజు ఖాయం కావడం వల్లే అక్కడ జనానికి అలవాటైంది. మీరూ ఒక రోజు పట్టుకోండి, కానీ నల్లా వచ్చే టైం చూసుకొని పెట్టండి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంటి ఆడవాళ్లు నల్లా టైంలో సభకు రాలేరు. వాళ్లు రాకపోతే నీళ్ల గురించి, చెత్త గురించి అసలు విషయం తెలిసిన మనిషి అక్కడ లేనట్టే. నోటీసు తెలుగులో, ఉర్దూలో రెండింట్లో రాయండి. అద్దెకున్నవాళ్లనూ పిలవండి. సంఘాల్లో ఓనర్లకే మాట ఉండటం పెద్ద లోపం, వీధి అద్దెకున్నవాళ్లది కూడా. స్టేజీ వద్దు, శాలువాలు వద్దు. శాలువా కప్పించుకున్న అధికారిని అదే నోటితో నిలదీయలేం. మూడు అంశాలకు మించి పెట్టొద్దు. చివరి పది నిమిషాలు రాయడానికే ఉంచండి: ఏ పని, ఎవరు చేయాలి, ఏ తేదీకి. వచ్చిన అధికారి చేత అక్కడే సంతకం పెట్టించండి. సంతకం పెట్టనంటే "ఫలానా వారు హాజరయ్యారు" అని రాసి, ఆ ప్రతిని మర్నాడు ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి. 2023 జూన్‌లో 150 వార్డుల్లో వార్డు కార్యాలయాలు తెరిచారు. మీ దగ్గర అది నడుస్తుంటే సభ అక్కడే పెట్టండి, ఖర్చు ఉండదు, అధికారికి తప్పించుకునే వీలూ తగ్గుతుంది.

శాంక్షన్ వచ్చాక చాలా సంఘాలు ఊపిరి పీల్చుకొని ఇంటికి వెళ్లిపోతాయి. అసలు కాపలా అప్పుడే మొదలవ్వాలి. కాలువతో పాటు రోడ్డు కూడా మళ్లీ వేస్తారు కాబట్టి సీసీ రోడ్డునే ఉదాహరణగా తీసుకోండి. ఎస్టిమేట్‌లో 120 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకోండి. గుణిస్తే 90 ఘనపు మీటర్లు. కాంక్రీటు తెచ్చే తిరిగే డ్రమ్ము లారీలో మామూలుగా 6 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 15 లారీలు. మందం 15కు బదులు 12 వేస్తే 12 లారీలతో అయిపోతుంది. మూడు లారీల కాంక్రీటు, అంటే అయిదో వంతు డబ్బు, ఎవరి కంటికీ కనబడకుండా పోతుంది. లారీలు లెక్కపెట్టడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ప్రతి లారీకీ డెలివరీ చలానా ఉంటుంది, అందులో పరిమాణం, గ్రేడు, ప్లాంటు నుంచి బయల్దేరిన టైం ఉంటాయి. ఫోటో తీసుకోండి. పోసే ముందు ఇరువైపులా నిలబెట్టే షట్టరింగ్ ఎత్తును స్కేలుతో కొలవండి, అదే మందం.

పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే ఇంటి గడప కన్నా రోడ్డు ఎత్తవుతుంది. నగరంలో సగం ఇళ్ల ముందు మెట్లు లోపలికి దిగేలా మారింది ఇందుకే. పని మొదలయ్యే ముందే పది ఇళ్ల గేటు మెట్టు నుంచి రోడ్డు దాకా ఎత్తు కొలిచి రాసిపెట్టండి, అభ్యంతరం అప్పుడే చెప్పండి. రోడ్డు మధ్య నుంచి అంచుకు వాలు 50కి 1 ఉంటే, 5 మీటర్ల రోడ్డులో మధ్య భాగం అంచు కన్నా 5 సెంటీమీటర్లు ఎత్తుండాలి. దారం కట్టి చూస్తే తెలుస్తుంది. వాలు లేకపోతే కాలువ ఎంత పెద్దగా కట్టినా నీళ్లు దాంట్లోకి రావు. జలమండలి పాత పైపులు మార్చాల్సి ఉంటే రోడ్డుకు ముందే మార్చాలి, మ్యాన్‌హోల్ మూతలు కొత్త మట్టానికి లేపాలి. మూతలు రోడ్డు కింద కప్పేసి, డ్రైనేజీ నిండినప్పుడు ఎక్కడుందో తెలియక కొత్త రోడ్డు పగలగొట్టడం ఏటా కనబడే దృశ్యం. పోసిన మొదటి రోజులోనే నాలుగు, నాలుగున్నర మీటర్లకొక కోత పెట్టకపోతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది. కనీసం 14 రోజులు తడి ఆరనివ్వకూడదు. ఈ తడపడం కాంట్రాక్టరు మూడో రోజుకు మానేస్తాడు. మీ వీధిలో ఇంటికొక రోజు చొప్పున చూసే బాధ్యత పంచుకోండి.

క్యూబులు, అంటే అదే కాంక్రీటుతో పరీక్ష కోసం పోసే చిన్న దిమ్మలు, వాటి గురించి కూడా అడగండి. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 లెక్కన 90 ఘనపు మీటర్లకు కనీసం ఐదు శాంపిళ్లు తీయాలి, శాంపిలుకు మూడు క్యూబులు. 28 రోజుల తర్వాత వాటి బలం పరీక్షిస్తారు. ఎం30 కాంక్రీటు అయితే 30 అనే సంఖ్యను అందుకోవాలి. ఆ పరీక్ష ఫలితం, ఎం-బుక్‌లో (ఇంజనీర్ల కొలతల పుస్తకంలో) కొలతలు రాసిన పేజీ, చెల్లించిన బిల్లు, కాంట్రాక్టరు ఎన్నాళ్లు మరమ్మతుకు బాధ్యుడో చెప్పే ఒప్పందం పేజీ, ఈ నాలుగు కాగితాలు మీ దగ్గర ఉండాలి.

అడిగితే ఇవ్వరు, అందుకే 2005 సమాచార హక్కు చట్టం. దరఖాస్తుకు 10 రూపాయలు, ఏ4 పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే లేదా సగం సమాచారమే వస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జనం ఎక్కువగా చేసే తప్పు "రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు?" అని అడగడం. చట్టం రికార్డులు ఇప్పిస్తుంది, కారణాలు చెప్పించదు. "ఫలానా పనికి సంబంధించిన శాంక్షనైన ఎస్టిమేట్ ప్రతి, ఎం-బుక్ పేజీల ధ్రువీకరించిన ప్రతులు, క్యూబు పరీక్ష నివేదికలు" అని అడగండి. పని నడుస్తుండగానే అయితే సెక్షన్ 2(జె) వాడండి. పనినీ రికార్డులనూ కళ్లారా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు అందులో ఉన్నాయి. రికార్డు తనిఖీకి మొదటి గంట రుసుము లేదు. ఇద్దరు వెళ్లండి, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకోవచ్చు.

పాలకమండలి లేని ఈ కాలం గురించి. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన సభకు ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 10. గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలన్నది 243యు అధికరణం, 2006లో సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో ఈ మాట గట్టిగా చెప్పింది. అయినా హైదరాబాద్‌లో 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా స్పెషల్ ఆఫీసర్ పాలనే సాగింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డుకైతే చివరిసారి ఎన్నిక జరిగింది 2015 జనవరిలో. సభ లేనప్పుడు స్టాండింగ్ కమిటీకి, సర్వసభ్య సమావేశానికి ఉన్న పని స్పెషల్ ఆఫీసర్ చేతిలోకి వెళ్తుంది. పైన చెప్పిన కాగితమే, ఆయన పేరున కూడా ఒక నకలు వెళ్లాలి, అంతే తేడా. ప్రశ్న అడిగే కార్పొరేటర్ లేడు కాబట్టి నెలవారీ సభ మినిట్స్‌కు ఈ కాలంలో విలువ ఎక్కువ.

హద్దులు మారాయన్నారు. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు. మీ ఇల్లు ఇప్పుడు ఏ కార్పొరేషన్, ఏ జోన్, ఏ సర్కిల్, ఏ వార్డు కిందికి వస్తుందో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి, పాత బోర్డులు చూసి కాగితం ఇస్తే అది తిరుగుటపాలో వస్తుంది. మీ కాలనీ ఒక వార్డులో, దిగువ బస్తీ ఇంకో వార్డులో పడ్డాయేమో చూడండి. పడితే ఒకే నాలాకు ఇద్దరు ఏఈలు. అప్పుడు రెండు సర్కిళ్లకూ ఒకే రోజు, ఒకే పటంతో ఇవ్వాలి. హద్దుల ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది, నెలల్లో కాదు. మళ్లీ అలాంటిది వస్తే "మా కాలనీని చీల్చారు" అని రాస్తే చాలదు. ఇంటి నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, పోలింగ్ స్టేషన్ నంబర్లు, అటు మారిస్తే జనాభా ఎంత మారుతుంది, హద్దుగా నాలాను గానీ రోడ్డును గానీ ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ పటంతో సహా ఇవ్వాలి.

ఓటరు జాబితా కూడా ఇప్పుడే చూసుకోండి. 2020 డిసెంబరు 1 ఎన్నికల్లో పోలింగ్ సగానికి కూడా చేరలేదు. వార్డు జాబితాను అసెంబ్లీ ఓటరు జాబితా నుంచే తయారు చేస్తారు. ఇల్లు మారినవాళ్లు ఫారం 8, కొత్తవాళ్లు ఫారం 6 నోటిఫికేషన్ వచ్చేలోపే వేయాలి. 140 ఇళ్లలో, అద్దె ఇళ్లతో కలిపి, ఎవరి పేరు ఏ పోలింగ్ స్టేషన్‌లో ఉందో ఒక ఆదివారం కూర్చొని పట్టిక రాయండి. కాలనీలో, బస్తీలో కలిపి ఆరు వందల ఓట్లు ఒకే పనిని అడుగుతున్నాయని తెలిస్తే అభ్యర్థులు మీ కల్వర్టు దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చినప్పుడు అందరికీ అదే ఒక పేజీ ఇచ్చి, నకలు మీద సంతకం అడగండి.

సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు చాలు. ఏటా కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వకపోతే, అవసరమైన రోజున "ఈ సంఘం తరఫున మాట్లాడటానికి మీరెవరు?" అనే ప్రశ్న వస్తుంది.

ఇవన్నీ ఒకే గట్టి అట్ట ఫైల్లో ఉంచండి. కొలతల పట్టిక, ఇన్‌వర్డ్ నంబర్లు, మినిట్స్, సమాచార హక్కు జవాబులు తేదీల వరసలో పెట్టి, మొదటి పేజీలో "ఏ కాగితం, ఏ తేదీ, ఎవరికి, ఏ జవాబు" అని నాలుగు గడులు గీయండి. కార్యదర్శి మారినప్పుడు ఈ ఫైలు కొత్తవారికి సభలోనే, అందరి ముందు చేతికివ్వాలి. సెప్టెంబరులో ఏఈ బదిలీ అయితే, కొత్తాయన చేరిన వారంలోపు ఆ మొదటి పేజీ నకలు, కల్వర్టు ఫోటో తీసుకొని ఇద్దరు వెళ్లి కలవండి. పాతాయన వేసిన ఎస్టిమేట్ ఏ బీరువాలో ఉందో ఆయనకు ఇంకా తెలిసి ఉండదు.